డాబా మీద పఫ్ ప్యానెళ్లతో గది కట్టడం ఎలా

పదిహేనేళ్ల నాటి ఇల్లు. పైన ఇంకో గది కావాలి. ఇటుక గోడలు కట్టి శ్లాబు వేద్దామంటే, కింద కాలమ్‌లు మోస్తాయో లేదో చెప్పలేనని ఇంజినీరు నసుగుతాడు. పఫ్ ప్యానెల్ పనికొచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. రెండు పల్చటి రంగు రేకుల మధ్య గట్టి పాలీయురేథేన్ ఫోమ్ నింపి అతికించిన పలక అది. వారం పది రోజుల్లో గది లేచి నిలబడుతుంది.

లెక్క కోసం 12 × 16 అడుగుల గది తీసుకుందాం. ఒక పక్క 10 అడుగుల ఎత్తు, రెండో పక్క కొంచెం తక్కువ. 9 అంగుళాల ఇటుక గోడ చదరపు మీటరుకు దాదాపు 440 కిలోలు, 5 అంగుళాల శ్లాబు 310 కిలోలు తూగుతాయి. తలుపు, కిటికీల ఖాళీ తీసేసినా గది మొత్తం 25 టన్నుల దాకా వస్తుంది. అదే 50 మి.మీ. పఫ్ ప్యానెల్ చదరపు మీటరుకు 10 కిలోలే: అర మిల్లీమీటరు రేకులు రెండూ కలిపి 8 కిలోలు, ఫోమ్ 2 కిలోలు. ఇనుప ఫ్రేముతో కలిపి ఒకటిన్నర టన్ను దాటదు.

ఇక్కడే చాలామంది ఊపిరి పీల్చుకుని ఇంజినీరును వదిలేస్తారు. చిక్కు మొదలయ్యేదీ ఇక్కడే. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాదుకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు; విజయవాడ, విశాఖలకు 50 మీటర్లు. వేగాన్ని వేగంతోనే గుణించి 0.6తో హెచ్చవేస్తే, చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడో వస్తుంది. విశాఖలో అది 1500, అంటే సుమారు 150 కిలోల బరువుకు సమానం. మన కప్పు 21 చదరపు మీటర్లు. వాలు తక్కువున్న కప్పును గాలి కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. మొత్తం కలిపితే 3 టన్నుల పైమాటే. గాలి వచ్చే వైపు తలుపు తెరిచి ఉంటే లోపలి నుంచి కూడా తోస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువ. గది బరువు ఒకటిన్నర టన్ను, పైకి లాగే బలం మూడు టన్నులు. ఇటుక గది తన బరువుతో తానే నిలుస్తుంది. ఈ గదిని మాత్రం మీరు కిందికి పట్టి ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రేకుల కప్పులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అందుకే కింద చెప్పే పనులన్నిటిలో సగం, గదిని డాబాకు కట్టేయడం గురించే.

ముందు పలకను అర్థం చేసుకోండి

అట్టపెట్టె అట్టను పక్క నుంచి చూడండి. పైనా కిందా రెండు కాగితాలు, మధ్యలో అలల కాగితం. విడివిడిగా ఏదీ నిలబడదు, అతికిస్తే గట్టిపడుతుంది. ప్యానెల్ కూడా అంతే. వంగినప్పుడు ఒక రేకు సాగుతుంది, ఇంకోటి నొక్కుకుంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి జారిపోకుండా పట్టుకునేది ఫోమ్. రేకుల మధ్య దూరం రెట్టింపైతే బిగువు నాలుగు రెట్లవుతుంది.

రెండు మీటర్ల దూరంలో ఆధారాలున్న 50 మి.మీ. పలక మీద చదరపు మీటరుకు 150 కిలోల గాలి పడిందనుకోండి. అది మధ్యలో 7, 8 మి.మీ. వంగుతుంది. అందులో మూడింట రెండు వంతులు రేకుల వల్ల కాదు, ఫోమ్ పక్కకు జరగడం వల్ల. రేకు మందం గురించి గంటసేపు బేరమాడి, ఫోమ్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగని కొనుగోలుదారు నష్టపోయేది ఇక్కడే.

ఫోమ్ సాంద్రత ఘనపు మీటరుకు 40 కిలోలు ఉండాలి. దీన్ని చూసుకోవడానికి లాబొరేటరీ అక్కర్లేదు. 50 మి.మీ. శాంపిల్ పలక ముక్క నుంచి రేకులు ఒలిచి, ఫోమ్‌ను 10 సెంటీమీటర్లు పొడవు, 10 వెడల్పు ఉండేలా కత్తితో చతురంగా కోయండి. వంటింటి డిజిటల్ కాటా మీద పెడితే 20 గ్రాములు చూపాలి. 16 చూపిస్తే సాంద్రత 32 అన్నమాట. ఆ సరుకు వద్దని చెప్పండి. రేకు ఒలిచేటప్పుడు దాని లోపలి ముఖం కూడా చూడండి. ఫోమ్ చిరిగి రేకుకు పొరలా అంటుకుని ఉంటే అతుకు మంచిది. రేకు అద్దంలా శుభ్రంగా ఊడి వస్తే, రెండు వేసవులకే అది ఉబ్బి బుడగలు తేలుతుంది.

రేకు మందాన్ని మైక్రోమీటరుతో కొలవండి. 0.5 మి.మీ. అన్నప్పుడు రంగుతో కలిపా, కలపకుండానా అన్నది కొటేషన్‌లోనే రాయించుకోండి. సముద్రానికి దగ్గరుంటే మామూలు జింకు పూత రేకు కాకుండా అల్యూమినియం-జింకు పూత, చదరపు మీటరుకు 150 గ్రాములది అడగండి.

లోపల ఏం నింపాలి

పడక గదికో ఆఫీసు గదికో పఫ్ చాలు. నిప్పు భయం ఉంటే, దాని కన్నా కాస్త మెరుగ్గా తట్టుకునే పాలీఐసోసయన్యూరేట్, అంటే పిఐఆర్, తీసుకోండి. వేడిని ఆపడంలో రెండూ దాదాపు సమానం. వంటగది అయితే కనీసం పొయ్యి వైపు గోడకు రాక్‌వూల్ పలకలు వేయండి. రాక్‌వూల్ కాలదు, చప్పుడును కూడా బాగా ఆపుతుంది. కానీ బరువెక్కువ, తడిస్తే పాడవుతుంది. థర్మాకోల్ నింపిన పలకలు చౌక. వేడిని ఆపడంలో పఫ్‌లో మూడింట రెండు వంతులే పనిచేస్తాయి, మంట తగిలితే కరిగి కారతాయి. మనుషులు పడుకునే గదికి మేం వాటిని సిఫారసు చేయం.

పఫ్ కూడా కాలుతుంది. కాలితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. మంట కంటే ముందు ఆ పొగే ప్రాణం తీస్తుంది. కాబట్టి గదికి ఒక్క తలుపే ఉంటే, మనిషి బయటికి దూకగలిగేంత కిటికీ ఒకటి గ్రిల్ లేకుండానో, లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్‌తోనో పెట్టండి.

మందం విషయానికొస్తే, డబ్బు పరిమితంగా ఉంటే గోడలకు 50 మి.మీ. వేసి, మిగిలింది కప్పు మీద పెట్టండి: 60 లేదా 80. మన ఎండ పడేది నడినెత్తిన. ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. ఈ గదిలో ఇటుక గోడలా వేడిని మింగి దాచుకునే బరువు లేదు. ఏసీ వేస్తే నిమిషాల్లో చల్లబడుతుంది, పడమటి కిటికీలోంచి ఎండ పడితే అంతే వేగంగా వేడెక్కుతుంది. ఆ కిటికీకి బయట సన్‌షేడ్ లేకపోతే 80 మి.మీ. కప్పు వేసినా లాభం సగమే.

రంగు తెలుపు లేదా లేత బూడిద. ఇది అందం సంగతి కాదు. బయటి రేకు 70 డిగ్రీలకు చేరి, లోపలిది 35 దగ్గరుంటే, 3 మీటర్ల పొడవున్న 50 మి.మీ. పలక ఎండ వైపుకు 9, 10 మి.మీ. ఉబ్బాలని చూస్తుంది. 6 మీటర్ల పలకైతే 38 మి.మీ. మధ్యలో స్క్రూలు దాన్ని పట్టి ఆపితే ఆ బలమంతా రేకు మీద పడి ముడతగా తేలుతుంది. ముదురు నీలం, ఎరుపు ముచ్చటపడి వేయించుకున్న పడమటి గోడల మీద కనిపించే ముడతలు ఎక్కువగా ఇలా పుట్టినవే.

కాళ్లు ఎక్కడ దించాలి

తేలికైనా ఇది అదనపు కట్టడమే. మునిసిపల్ అనుమతి సంగతి ముందే తేల్చుకోండి.

మన గదికి ఆరు ఇనుప కాలమ్‌లు చాలు: పొడవు పక్కల్లో 8 అడుగులకొకటి. అవి కింది ఇంటి కాలమ్‌ల మీదో, బీమ్‌ల మీదో దిగాలి. శ్లాబు నట్టనడుమ దించకండి. మన ఊళ్లలో చాలా డాబాల మీద, ముందు ముందు ఇంకో అంతస్తు వేస్తామని వదిలిన కాలమ్ రాడ్లు తుప్పుపట్టి నిలబడి ఉంటాయి. ఇంతకంటే మంచి లంగరు దొరకదు. తుప్పును వైర్ బ్రష్‌తో గీకి, రాడ్ల చుట్టూ 12 అంగుళాల చతురం, 9 అంగుళాల ఎత్తు దిమ్మె పోయండి. అందులో 16 మి.మీ. జె బోల్టులు నాలుగు, కనీసం 8 అంగుళాలు కాంక్రీటులో మునిగేలా, రాడ్లకు కట్టి నిలపండి. బోల్టుల దూరాలు తప్పకుండా ప్లైవుడ్ ముక్కకు బేస్ ప్లేట్ (కాలమ్ అడుగున ఉండే ఇనుప ప్లేటు) కన్నాలే కొట్టి, పోసేటప్పుడు ఆ ముక్కను పైన తొడిగి ఉంచండి. దిమ్మె ఎత్తుగా ఉండడం వల్ల బేస్ ప్లేటు నీళ్లలో నానదు.

రాడ్లు లేకపోతే బీమ్ మీద కెమికల్ యాంకర్లు, అంటే కన్నంలో గట్టిపడే జిగురుతో నిలిపే బోల్టులు: 12 మి.మీ. బోల్టుకు 14 మి.మీ. కన్నం, 110 మి.మీ. లోతు. ఆ లోతు కాంక్రీటులో ఉండాలి. డాబా మీద ముందేసిన సుర్కీ, వాటర్‌ప్రూఫింగ్ పొర, కూలింగ్ టైల్స్ లెక్కలోకి రావు. ప్లేటు వచ్చే చోట వాటిని కొట్టేసి అసలు కాంక్రీటు కనిపించేదాకా వెళ్లండి. కన్నంలో దుమ్మును బ్లోయర్‌తో ఊది, బ్రష్‌తో రుద్ది, మళ్లీ ఊదాలి. మేస్త్రి ఇది ఒకసారి ఊది వదిలేస్తాడు. దుమ్ము మీద అతుక్కున్న కెమికల్ చేతికే ఊడొస్తుంది. 5 అంగుళాల శ్లాబులో 110 మి.మీ. కన్నం వేస్తే అడుగు పెచ్చు ఊడి కింది గదిలో పడుతుంది. బీమ్ మీదే దించమనడానికి ఇదీ ఒక కారణం.

బేస్ ప్లేట్ 200 × 200 × 10 మి.మీ. కాలమ్‌కు 72 × 72 మి.మీ. స్క్వేర్ పైపు. కప్పు కింద 12 అడుగులు దాటే మూడు వాలు దూలాలకు, అంటే రాఫ్టర్లకు, 122 × 61 × 3.6 మి.మీ. పైపు. వాటి మీద అడ్డంగా, కప్పు పలకలు ఆనడానికి, 80 × 40 × 2.9 మి.మీ. పర్లిన్లు నాలుగు వరసలు, 4 అడుగులకొకటి. గోడల మధ్య ఎత్తులో చుట్టూ ఒక అడ్డ పైపు, తలుపు కిటికీల చుట్టూ పూర్తి చట్రం. ఇది 50 మీటర్ల గాలికి ఒక మోస్తరుగా లెక్క చూసిన సైజు. మీ ఇల్లు ఎత్తైన మూడో అంతస్తో, సముద్రానికి ఎదురుగానో ఉంటే ఇంజినీరు చేత మళ్లీ చూపించుకోండి.

వెల్డింగంతా పూర్తయి, ప్రైమరు, రంగు ఆరాకే ప్యానెళ్ల లారీ రావాలి. పక్కన పలకలు పెట్టుకుని వెల్డింగ్ చేయడం ఈ పనిలో జరిగే పెద్ద తప్పు. నిప్పురవ్వ పలక చివర బయటికి కనిపించే ఫోమ్ మీద పడితే లోపలే కాలుతూ పోతుంది, బయటికి తెలియదు.

కొలతలు, ఆర్డర్

కప్పు ప్యానెల్ ఒకదాని మీద ఒకటి ఎక్కాక మిగిలే వెడల్పు సాధారణంగా 1 మీటరు. 16 అడుగులంటే 4.88 మీటర్లు. ఐదు ప్యానెళ్లు వేస్తే రెండు పక్కలా ఆరేసి సెంటీమీటర్లు బయటికి వస్తాయి, ఫ్లాషింగ్ (అంచును మూసే మడత రేకు) కప్పడానికి సరిపోతుంది. అదే గదిని 17 అడుగులు చేస్తే ఆరో ప్యానెల్ కొని, ముప్పాతిక భాగం కోసి పారేయాలి. గది కొలతను ప్యానెల్‌కు తగ్గట్టు సర్దుకోండి.

వాలు పదికి ఒకటి. 12 అడుగుల మీద 14 అంగుళాల దిగుడు వస్తుంది. చూరు రెండు వైపులా అడుగు చొప్పున కలిపి 14 అడుగుల పలకను ఒకే ముక్కగా ఫ్యాక్టరీలోనే కోయించండి. మధ్యలో అతుకు పెట్టకండి. చూరు అడుగుకు మించొద్దు. బయటికి చాచిన కొద్దీ గాలికి పట్టు దొరుకుతుంది.

సరుకు దిగాక ఎండలో రోజుల తరబడి ఉంచకండి. రేకు మీది ప్లాస్టిక్ పొర ఎండకు కాగి అంటుకుపోతే గోళ్లు అరిగినా ఊడదు. పలకలను చెక్క దిమ్మెల మీద ఒక పక్కకు వాలుగా పేర్చి, తాడుతో కట్టండి. పైనున్న పలకను కింది దాని మీద ఈడ్చకండి, పై రేకు అంచు పట్టి లేపకండి. ఇద్దరు మనుషులు కింద చేతులు పెట్టి ఎత్తాలి.

గోడలు

గోడల వరస కింద మూడు, నాలుగు అంగుళాల కాంక్రీటు గట్టు పోసి మట్టం చూడండి. గట్టు వాన నీటి తూముకు అడ్డం రాకూడదు. దాని మీద యు ట్రాకును (పలక అడుగు కూర్చునే యు ఆకారపు రేకు గాడి), కింద రెండు వరసల సీలెంటు పెట్టి, అడుగున్నరకొక యాంకర్‌తో బిగించండి. ట్రాకులోకి నీళ్లు దిగినా పోయేలా బయటి అంచున రెండడుగులకొక చిన్న కన్నం ఉంచండి. ఇది లేని గదుల్లో నీళ్లు ట్రాకులోనే నిలిచి గోడ అడుగు రేకు ముందు తుప్పు పడుతుంది.

మూల నుంచి మొదలుపెట్టండి. మొదటి పలక నిలువు తప్పితే ఆఖరి పలక దగ్గర రెండంగుళాల సందు తేలుతుంది. ఒక పలక అంచు గాడిలో పక్క పలక నాలుక దిగేముందు బ్యూటైల్ టేపు (జిగట రబ్బరు పట్టీ) వేసి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా కొట్టండి. ప్రతి పలకకూ పైన, మధ్య అడ్డ పైపు దగ్గర, కింద ట్రాకులో స్క్రూలు పడాలి. సిలికాన్ వాడితే న్యూట్రల్ రకమే అడగండి. వెనిగర్ వాసన వచ్చే రకం జింకు పూతను తినేస్తుంది.

కోయడానికి జిగ్ సా, లేదా ఇనుముకు వాడే పళ్ల బ్లేడు రంపం. గ్రైండర్ రాయితో కోస్తే రవ్వలు రంగులో దిగబడి, వానకు ఎర్రటి చుక్కలుగా తేలుతాయి. కోసిన చోట రంగు, జింకు కూడా కాలిపోతాయి. తలుపు బరువు చట్రం పైపు మీదే పడాలి. ఉత్త పలకకు బందులు బిగించిన తలుపు ఏడాదిలో వేలాడుతుంది.

ఫోమ్ కనిపించే ప్రతి చివరనూ రేకు టోపీతో మూయండి. మూయకపోతే ఎలుకలు అందులో కాపురం పెడతాయి. అవి ఫోమ్‌ను తినవు గానీ తొలిచి గూడు కడతాయి.

కప్పు: వాన గెలిచేది స్క్రూ దగ్గరే

మీ ఊళ్లో ఈదురుగాలి వాన ఎటు నుంచి కొడుతుందో చూసి, దానికి అవతలి చివర నుంచి పలకలు వేస్తూ రండి. అప్పుడు అతుకు నోరు గాలికి ఎదురుగా ఉండదు. పక్క అతుకుల్లో బ్యూటైల్ టేపు, ప్రతి అడుగున్నరకు, రెండు పలకల రేకులను కలిపే ఒక కుట్టు స్క్రూ. చూరు వైపు కొసన ఫోమ్‌నూ కింది రేకునూ రెండంగుళాలు వెనక్కి కోసి, పై రేకును మాత్రం ముందుకు వదలండి. లేదంటే నీటి చుక్క కింది రేకు పట్టుకుని వెనక్కి పాకి గోడలోకి దిగుతుంది. ఎత్తు వైపు చివర రేకులో నీళ్లు పారే పళ్లాలను పట్టుకారుతో పైకి మడవండి.

స్క్రూ పైకి లేచిన రిబ్బు మీద పడాలి, నీళ్లు పారే పళ్లంలో కాదు. 50 మి.మీ. పలక, 30 మి.మీ. రిబ్బు: అప్పుడే 80. పర్లిన్‌ను చీల్చుకుని మొన బయటికి రావడానికి మరో 25 నుంచి 30. అంటే 105, 110 మి.మీ. స్క్రూ కావాలి. 60 మి.మీ. కప్పైతే ఇంకో 10 కలపండి. చూరు, ఎత్తు వైపు పర్లిన్ల మీద, రెండు అంచు ప్యానెళ్ల మీద ప్రతి రిబ్బుకూ ఒక స్క్రూ. మధ్యలో పలకకు మూడు. గాలి పీలుపు మూలల్లో, అంచుల్లో ఎక్కువ కాబట్టి ఈ తేడా. స్క్రూలు 75 నుంచి 80, కుట్టు స్క్రూలు 40 అవుతాయి. తల కింద రేకు వాషర్, దాని కింద రబ్బరు ఉండాలి. గాలికి సాధారణంగా స్క్రూ తెగదు, తల చుట్టూ రేకు చిరుగుతుంది. వాషర్ వెడల్పు ఆపేది దాన్నే.

బిగింపు దగ్గర ఆగి చూడండి. రబ్బరు వాషర్ అంచు కొద్దిగా ఉబ్బి బయటికి కనిపిస్తే చాలు. ఇంకా తిప్పితే రేకు చుట్టూ గిన్నెలా లోపలికి దిగుతుంది, అందులో నీళ్లు నిలుస్తాయి, రబ్బరు చీలుతుంది. వదులైతే వాషర్ గిరగిరా తిరుగుతుంది. డ్రిల్ మెషీన్ క్లచ్‌ను ముందు ఒక పనికిరాని ముక్క మీద సెట్ చేసుకుని, ఆ తర్వాతే కప్పెక్కండి. పర్లిన్ తప్పి ఫోమ్‌లోకి దిగిన స్క్రూను అలాగే వదలకండి: తీసి, లావుపాటి స్క్రూ వేసి సీల్ చేయండి. సాయంత్రం దిగేముందు కప్పంతా మెత్తటి చీపురుతో ఊడ్చాలి. రాలిన ఇనుప పొడి ఒక్క రాత్రి మంచుకే తుప్పు మరకవుతుంది.

మెట్ల గది గోడకు కప్పు ఆనే చోట సిమెంటు పూసి వదిలేయకండి. గోడలో అంగుళం లోతు గాడి తీసి, ఫ్లాషింగ్ అంచును అందులో దూర్చి, పైన సీలెంటు నింపండి.

కరెంటు, ఏసీ

గోడలూ కప్పూ రేకే కాబట్టి వైరు ఒక్కచోట ఒరుసుకుంటే గదంతా కరెంటే. ఫ్రేమును ఇంటి ఎర్తింగ్‌కు కలపండి, రేకులు కూడా స్క్రూల ద్వారా ఫ్రేముకు తగులుతున్నాయో లేదో మల్టీమీటరుతో చూడండి. ఈ గదికి విడిగా 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. వైర్లను పలకలో తొలిచి దాచకుండా పైన పీవీసీ కేసింగ్‌లో నడపండి. రేకు దాటే ప్రతి కన్నంలోనూ పీవీసీ పైపు ముక్క తొడగండి. ఫ్యాను కొక్కెం రాఫ్టరుకే, ఏసీ లోపలి యూనిట్ చట్రం పైపుకే. బయటి యూనిట్‌ను డాబా మీద దిమ్మెల మీద పెట్టండి, గోడకు వేలాడదీస్తే పలక డప్పులా మోగుతుంది.

కోస్తాలో ఉక్కపోత రోజుల్లో గాలిలో తేమ 25, 26 డిగ్రీల దగ్గరే నీళ్లుగా మారుతుంది. లోపల ఏసీ 22లో పెడితే, లోపలి నుంచి బయటికి ఏకంగా సాగిన ఇనుప ముక్క ఏదున్నా ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమట పడుతుంది. అతుకులను బయటి వైపు నుంచి గట్టిగా సీల్ చేయండి, తేమ వచ్చేది అటు నుంచే. లోపలికి పొడుచుకొచ్చిన స్క్రూ మొనలకు ప్లాస్టిక్ టోపీలు పెట్టండి.

పని అయ్యాక వాన కోసం ఎదురుచూడకండి. గొట్టంతో ఒక్కో అతుకు మీద, కింది నుంచి పైకి వస్తూ పదేసి నిమిషాలు నీళ్లు పట్టండి. ఎక్కడ కారిందో అప్పుడే సుద్దతో గీత పెట్టుకోండి. మొదటి వేసవి దాటి తొలకరి పడేలోపు ఒకసారి కప్పెక్కి, రిబ్బుల మీద కాకుండా పర్లిన్ వరస వెంట పళ్లాల్లో మెత్తటి చెప్పులతో నడుస్తూ, వదులైన స్క్రూలు బిగించండి. కోతుల బెడద ఉన్న ఊరైతే చూరు అంచు ఫ్లాషింగ్ దగ్గర స్క్రూల దూరం సగం చేయండి. అవి మొదట లేపేది ఆ అంచునే.